బాల్ లేని క్యాంపు

పడుకోబెట్టే పని

జాతీయ మహిళా ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా అన్నేళ్లు ఏం చేశారని ఎవరైనా అడిగితే, పిల్లల్ని పడుకోబెట్టాను అని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు మాత్రం నవ్వకుండా వినండి. ఈ సంగతి మీకు ఏ కోర్సులోనూ చెప్పరు.

పొద్దున్నే పరిగెత్తించడం ఎవరైనా చేస్తారు. విజిల్ ఊదడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. అన్నం తిన్నాక, సాయంత్రం ప్రాక్టీసు మొదలయ్యేదాకా ఒక బద్ధకపు పొద్దు ఉంటుంది చూడండి, అసలు పని అప్పుడే. మా పిల్లలు మణిపూర్ నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, తమిళనాడు నుంచి వచ్చేవాళ్లు. ఎవరింట్లోనూ ఆడపిల్లను పగలు కాసేపు పడుకోనిచ్చిన పాపాన పోలేదు. పడుకోండే అంటే బట్టలుతుక్కునేవాళ్లు, గది ఊడ్చేవాళ్లు, ఒకరికొకరు జడలల్లుకునేవాళ్లు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లు. అరిచి చూశాను. బతిమాలి చూశాను. ఆఖరికి ఒక ఉపాయం పారింది. "పడుకోవద్దులే, పడుకుని మ్యాచ్ ఆడండి" అన్నాను.

అందరూ చాపల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోవాలి. నేను మెల్లగా చెబుతుంటాను. గోల్‌కీపర్ చేతిలో బాల్ ఉంది. కుడివైపుకు విసిరింది. అక్కడ నువ్వున్నావు. నీ ఎదురుగా ఎవరున్నారు? ఎండ ఎటునుంచి పడుతోంది? గడ్డి తడిగా ఉందా, పొడిగా ఉందా? ఒక్కొక్కరూ తమకు కనబడింది చెప్పాలి. నాది దిల్‌సుఖ్‌నగర్ హిందీ, వాళ్లది ఎవరి హిందీ వాళ్లది, అయినా పని నడిచేది. కాసేపటికి జవాబులు ముద్దముద్దగా వచ్చేవి. ఇంకాసేపటికి రావడం మానేసేవి. ఎవరి మ్యాచ్ ఎందాకా పోయిందో ఎవరికీ తెలియదు. నాకూ కన్ను మూతపడేది. ఆ మగత నిద్రలో నేనూ చాలా గోల్స్ కొట్టాను లెండి. మెలకువలో కొట్టలేనివన్నీ అక్కడ తీరుబడిగా కొట్టుకున్నాను.

మాది నల్లగొండ జిల్లా పల్లెటూరు. నాన్న లారీల మీద క్లీనర్‌గా వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో దిగాడు. నేను అక్కడే పుట్టి పెరిగాను, అక్కడే బడిలో ఆటల టీచరుగా చేరాను. అక్కడి నుంచి జాతీయ జట్టుదాకా ఎలా వెళ్లానన్నది కాగితాల కథ, అది రాస్తే మీకు నిద్రొస్తుంది. ఒక్క క్యాంపు గురించి రాస్తాను. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో, మా పేటలోనే, నేను పుట్టి పెరిగిన గల్లీల మధ్యే జరిగిన క్యాంపు.

రావు గారి డాబా

ఆసియాలో పెద్ద టోర్నమెంటు ఒకటుంది. దానికి అర్హత సాధించే పోటీల కోసం జట్టును తయారు చేయాలి. క్యాంపు హైదరాబాద్‌లో అన్నారు. మా పెద్ద కోచ్ కురియన్ సార్ కేరళ మనిషి, మితభాషి. ఆయనా నేనూ పిల్లల్ని వెంటబెట్టుకుని స్టేడియానికి వెళ్తే, అక్కడి హాస్టల్ నిండా బందోబస్తుకు బయటి నుంచి వచ్చిన పోలీసులు దిగి ఉన్నారు. గ్రౌండులో వాళ్ల వ్యాన్లు. గోల్‌పోస్టుకు ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది. కురియన్ సార్ ఆ లుంగీ వంక చాలాసేపు చూసి, "మీ ఊరే కదా, ఏదో ఒకటి చూడండి" అని నా మీద వదిలేశారు.

మెయిన్ రోడ్డు వెనక గల్లీలో రావు గారి హాస్టల్ ఉంది. ఆయనది తెనాలి వైపు. ఊళ్ల నుంచి కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లల కోసం కట్టించుకున్నాడు. ఇప్పుడు సమ్మెతో బస్సులు డిపో దాటడం లేదు, కోచింగ్ సెంటర్ల షట్టర్లు లేవడం లేదు, పిల్లలు సామాను సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. గదులన్నీ ఖాళీ. నేను అడగ్గానే ఆయన ముఖం విప్పారింది.

"రండమ్మా రండి, నలుగురు మనుషులుంటే నాకూ ధైర్యంగా ఉంటుంది. రోజులెలా ఉన్నాయో చూస్తున్నారుగా. కాకపోతే ఒక్క మాట. డాబా మీద బంతి ఎగరేయకండి, పక్కాయన మొన్ననే కొత్త ట్యాంకు పెట్టించాడు. గోల కూడా చేయకండి. కింద ఇద్దరమ్మాయిలు ఊరెళ్లకుండా పరీక్షలకి చదువుకుంటున్నారు."

"బాల్ ఒద్దు, లొల్లి ఒద్దు. మరి ఫుట్‌బాల్ ఎట్ల ఆడాలె రావు గారూ?"

"అది మీకు తెలియాలి గానీ నాకేం తెలుసండీ! నేను జన్మలో క్యారమ్స్ తప్ప ఆడి ఎరగను."

బాల్ లేకుండా ఆడించే పద్ధతి మా పనిలో ఒకటుంది. బాల్ ఫలానా చోట ఉందని కోచ్ వేలు చూపిస్తాడు, జట్టంతా దానికి తగ్గట్టు కదలాలి. ఎదుటి జట్టు ఉండదు. ఎవరెక్కడ నిలబడాలో ఒంటికి పట్టించడానికి మంచిదే. రావు గారి డాబా మీద అది మొదలుపెట్టాం. పొద్దునా అదే, సాయంత్రమూ అదే.

ఆ రోజుల దిల్‌సుఖ్‌నగర్ తలచుకుంటే ఇప్పటికీ కలేమో అనిపిస్తుంది. బస్సుల హారన్లు లేవు, మెట్రో పిల్లర్లు ఇంకా లేవలేదు, ఆటోలు ఎక్కడో ఒకటీ అరా. ఆ రోడ్డు పక్కనే పుట్టి పెరిగిన నాకు, నాలుగిళ్ల అవతల కుక్కర్ కూత పెడితే వినబడటం అదే మొదటిసారి. పావురాలు పిట్టగోడ మీద నడుస్తుంటే గోళ్ల చప్పుడు తెలిసేది. ఎక్కడో దూరంగా డప్పు మోగి ఆగిపోయేది. సాయంత్రపు ఎర్రటి వెలుగులో, ఉత్త కాళ్లతో, అంతమంది ఆడపిల్లలు ఒక్క మాటా లేకుండా ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. లేని బాల్ వైపు అందరి తలలూ ఒకేసారి తిరిగేవి. కురియన్ సార్ వేలు ఆకాశంలో మెల్లగా జరిగేది. పక్క డాబా మీద వడియాలు తీసుకోవడానికి వచ్చిన పెద్దావిడ రెండ్రోజులు చూసి, మూడోరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏం పోయింది బిడ్డా? అందరు గట్ల దేవులాడుతున్నరు?"

స్వరూప

క్యాంపులో మా ఏరియా పిల్ల ఒక్కతే ఉంది. స్వరూప. హయత్‌నగర్‌లో ఇల్లు, వాళ్లూ నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లే. నాన్న లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. ఈమె డిఫెన్స్ మధ్యలో ఆడుతుంది. జాతీయ క్యాంపు ఎక్కడ పెట్టినా పిలుపొచ్చేది. ప్రతిసారీ వెళ్లేది. ప్రతిసారీ చివరి ఏరివేతలో ఇంటికి పంపేసేవారు. దేశం జెర్సీ వేసుకుని ఒక్కసారి, ఒక్క నిమిషమైనా సరే, గీత దాటి లోపల అడుగుపెట్టాలి. ఆమెకు కావలసింది అంతే. వయసు ఇరవై ఏడు. వచ్చేసారి కుర్ర జట్టును చూస్తానని కురియన్ సార్ నాతో అననే అన్నారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఈసారి కాకపోతే ఇక లేదు.

మొదటి మధ్యాహ్నం డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో అందర్నీ పడుకోబెట్టాను. ఒక్కొక్కర్నీ అడుగుతూ స్వరూప దగ్గరికి వచ్చాను. "ఏం కనబడుతున్నది బిడ్డా?"

"గ్రౌండు కనబడుతున్నది మేడమ్. లైట్లు ఏసిన్రు. మస్తు జనమున్నరు."

"నువ్వు యాడున్నవ్?"

"బెంచీ మీద కూసున్న."

సరేలే, మొదటిరోజు అనుకున్నాను. రెండోరోజూ బెంచీయే. మూడోరోజూ బెంచీయే. పక్కన నీళ్ల సీసాలున్నాయంటుంది, ఎవరివో ట్రాక్ ప్యాంట్లు ఒళ్లో పెట్టుకుని ఉన్నానంటుంది. మ్యాచ్ మొత్తం భేషుగ్గా చెబుతుంది, ఎవరు ఎక్కడ తప్పు నిలబడ్డారో కూడా చెబుతుంది. అన్నీ బయటి నుంచే. నాకు ఒళ్లు మండింది.

"లెవ్వు. లేసి లోపలికి పో."

"పోతున్న మేడమ్. గీతకాడికి పోంగనే రిఫరీ ఆపుతున్నడు."

"వానికేం పోయేకాలం! నీ కలల రిఫరీ నీ మాట వినకుంటే ఎట్లనే?"

తెలుగు రాకపోయినా నా విసుగు విని, చుట్టూ ఉన్న పిల్లలు కళ్లు మూసుకునే కిసకిస నవ్వారు. స్వరూప కూడా నవ్వింది గానీ, మూసిన కనుకొలకుల నుంచి నీళ్లు చెవుల్లోకి జారడం నేను చూశాను. 

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పదేపదే ఇంటికి పంపిన ఆటగత్తె, కొన్నాళ్లకు తనను తానే పంపించేసుకోవడం నేర్చుకుంటుంది. బయటికి ఏమీ తెలియదు. అందరికంటే ముందు లేస్తుంది, అందరికంటే ఎక్కువ పరిగెడుతుంది, మీరు ఏం చెప్పినా సరేనంటుంది. ఆ సరే విని క్రమశిక్షణ గల పిల్ల అని మురిసిపోతారు కోచ్‌లు. బుద్ధి లేకపోతే సరి. దెబ్బలాడని ఆటగత్తెను చూసి మురిసిపోవడానికి ఇదేమన్నా అత్తగారిల్లా?

పైగా ఆ డాబా ఈమెకు సరిపడని చోటు. స్వరూప బలం కాళ్లలో లేదు, గొంతులో ఉంది. హయత్‌నగర్ డిపో పక్కన మగపిల్లలతో ఆడేటప్పుడు వెనక నిలబడి అందర్నీ గదమాయించి నడిపించేది. ఇక్కడ కింద పిల్లలు చదువుకుంటున్నారని నోరు నొక్కేశాం. నోరు లేని స్వరూప మామూలు ప్లేయర్. కురియన్ సార్ కంటికి ఆమె ఆనడం మానేసింది. బేలా అని బెంగాలీ అమ్మాయి, ఎంతోకాలంగా జట్టులో ఉన్న డిఫెండర్, ఆయన మనసులో ఆ చోటు ఆమెదే.

ఒక్కచోటే ముద్ద

అలా కొన్నాళ్లు గడిచాక నాగోల్ దగ్గర ఒక కాలేజీ గ్రౌండు దొరికింది, ఒక్క పూటకే. తెల్లారగట్ల ఆటోలు మాట్లాడుకుని, బంద్ వాళ్లు రోడ్డెక్కకముందే చేరుకున్నాం. కాలేజీ మగపిల్లల జట్టుతో ఆట. బాల్ చూసి ఎన్నాళ్లయిందో, మా పిల్లలు దాన్ని ముద్దుపెట్టుకున్నంత పనిచేశారు.

ఆట మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. మా జట్టంతా గ్రౌండు మధ్యలో ఒకచోట గుంపుగా చేరింది. బాల్ కుడికి పోతే గుంపు కుడికి, ఎడమకు పోతే ఎడమకు. వరుస చక్కగానే ఉంది, కదలిక చక్కగానే ఉంది, కానీ మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. మగపిల్లలు హాయిగా పక్కల నుంచి వచ్చి వరసగా గోల్స్ వేసుకుపోయారు. మా మణిపూర్ గోల్‌కీపర్ నెట్టులోంచి బాల్ తీసీ తీసీ విసిగిపోయి ఏడ్చేసింది.

ఆట అయ్యాక కురియన్ సార్ గ్రౌండులోకి వచ్చారు. పిల్లల్ని వాళ్ల చోట్లలో నిలబడమన్నారు. ఒక డిఫెండర్ దగ్గర నుంచి ఇంకో డిఫెండర్ దగ్గరికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. వెనక్కి వచ్చి నా పక్కన గడ్డి మీద కూలబడి, ఒకే మాట అన్నారు. "డాబా."

నిజమే. పిట్టగోడ నుంచి పిట్టగోడ వరకు ఉన్న జాగాలోనే జట్టును ఆడించాం. చదువుకున్న కోచ్‌లం ఇద్దరం ఉండి, దూరం కూడా ఒంటికి అలవాటవుతుందని ఆలోచించలేదు. పిల్లలు మేం చెప్పిందే నేర్చుకున్నారు, చాలా బాగా నేర్చుకున్నారు. జాగా చిన్నదైతే ఆటను చిన్నది చేసి ఆడించకండి. ఆటలో ఒక మూల తీసుకుని ఆడించండి, కొలత మాత్రం మార్చకండి. మాకు అది ఆలస్యంగా తెలిసొచ్చింది. ప్రయాణం దగ్గరపడుతోంది, మర్నాటి నుంచి ఆ కాలేజీకీ తాళం.

ఎల్బీ నగర్ చౌరస్తా

ఆ మధ్యాహ్నం ఎవరూ పడుకోలేదు. స్వరూప నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడమ్, రేపు ఎల్బీ నగర్ చౌరస్తాల వంటావార్పు ఉన్నది. రోడ్డు మొత్తం మనదే. మా ఇంటి పక్క నర్సింహన్న ముంగట ఉంటడు, నేను మాట్లాడుత."

వంటావార్పు ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. ఉద్యమంలో అదో పద్ధతి. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే పంక్తిలో కూర్చుని తింటారు. పొయ్యి ఉన్నంతసేపు బండి కదలదు. ఎల్బీ నగర్ చౌరస్తా అంటే విజయవాడ రోడ్డూ రింగు రోడ్డూ కలిసేచోటు. ఇప్పుడున్న ఫ్లైఓవర్లు అప్పుడు లేవు. బండ్లు ఆపేస్తే అదొక మైదానం.

పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి బయల్దేరాం. ఆ నడక నేను మరచిపోలేను. రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటే రోడ్డు, దాని నట్టనడుమ బారుగా నడిచాం. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి వాసన గాలిలో నిలిచి ఉంది. సిగ్నల్ లైట్లు ఎవరూ లేకపోయినా ఎరుపు, పచ్చ మారుతూనే ఉన్నాయి. ఎరుపు పడగానే ఒడిశా పిల్ల ఒకతి టక్కున ఆగి, నవ్వుకుని మళ్లీ నడిచింది. కురియన్ సార్ చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో ఇచ్చిన తోటలో తిరుగుతున్నట్టు నడుస్తున్నారు.

చౌరస్తాలో అప్పటికే పొయ్యిలు రాజుకున్నాయి. ఆడవాళ్లు రోడ్డు మీద పెద్ద పెద్ద ముగ్గులు వేస్తున్నారు. నర్సింహ సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు, మెడలో గులాబీ కండువా. మా బాల్ చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఏంది మేడమ్ గిది? గీడ మా పోరలు పాణాలు ఇడుస్తుంటే మీరు ఆటలాడుతరా? జనం ఊకుంటరా?"

నేను నోరు తెరిచేలోపే స్వరూప ముందుకొచ్చింది. "అన్నా, ఆట గాదే. కొలత కోసం ఒచ్చినం. మాకు జాగ లేదు. దేశం టీముల మన హయత్‌నగర్ పోరి ఉంటే నీకు ఒద్దా చెప్పు?"

"ఉంటవా మరి? ఏడాదికోపారి పోతవ్, మల్ల ఒస్తవ్."

ఆ మాటకు స్వరూప తల వంచేసుకుంది. నర్సింహకూ అన్నాక కష్టమనిపించినట్టుంది. గడ్డం గోక్కుంటూ అన్నాడు, "సరే, ఒక పని జేయుండ్రి. బాల్ నా తాన పెట్టుండ్రి. బాల్ లేకుంటే ఆటెట్లయితది? గా పక్కకు నడుసుకుంటరో, ఉరుకుతరో మీ ఇష్టం. మల్ల అందరు గీడనే తినాలె. రోడ్డు మీద నిలబడ్డోళ్లు తినకుండ పోవుడు లేదు."

కురియన్ సార్‌కు హిందీలో చెప్పాను. "మళ్లీ బాల్ లేకుండానా?" అని నిట్టూర్చి, "కొలతైనా ఉంది, పదండి" అన్నారు. ముగ్గులేసే ఆడవాళ్ల దగ్గర ఇంత పిండి అడిగి తెచ్చుకుని రోడ్డు మీద నిజమైన కొలతలతో గీతలు గీశాం. ముగ్గుపిండితో పెనాల్టీ బాక్సు గీసిన కోచ్‌ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ రోజు బేలా మడమ వాచి హాస్టల్లో ఉండిపోయింది. అందుకని డిఫెన్స్ మధ్యలో స్వరూప నిలబడింది. కురియన్ సార్ వేలు జరపడం మొదలుపెట్టారు. మళ్లీ అందరూ దగ్గరికే వచ్చేస్తున్నారు. ఇటు డప్పులు, అటు మైకులో ఉపన్యాసం, ఆయన మాట ఎవరికీ వినబడటం లేదు. స్వరూప ఒకసారి నా వైపు చూసింది. నేను అరవమన్నట్టు చెయ్యి ఊపాను. ఇక్కడ ఎవరి చదువూ పాడయ్యేది లేదు కదా.

"జరుగు! ఇంకా జరుగు! ముంగటికి! ఏయ్, ఎనక్కి రా!"

ఆ గొంతు డప్పును దాటి వచ్చింది. ఒడిశా పిల్లకు తెలుగు రాదు, మణిపూర్ పిల్లకు రాదు. అయినా ఆ గొంతు ఎటు తోస్తే అటు పోవాలని ఒంటికి తెలిసిపోతుంది. దూరాలు మెల్లగా తెరుచుకున్నాయి. నేను చూస్తూ నిలబడిపోయాను.

సరిగ్గా అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి అంబులెన్స్ కూత వినబడింది. వంటావార్పులో ఎంత జనమున్నా అంబులెన్స్‌కు దారివ్వడం రివాజు. జనం చీలుతున్నారు. మా పిల్లలు మాత్రం రోడ్డుకు అడ్డంగా, వీపులు అటు పెట్టి, లేని బాల్ వైపు చూస్తూ ఉన్నారు. నేను వాళ్ల వైపు పరిగెత్తబోయాను, అంతలో స్వరూప అరిచింది.

"ఎడమకు! అందరు! ఎడమకు! ఉరుకు!"

ఒక్కసారిగా జట్టంతా కదిలింది. ఎవరూ ఎవర్నీ గుద్దుకోలేదు, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వరుస వరుసగానే, దూరం దూరంగానే ఉంది. ఆ ఖాళీలోంచి అంబులెన్స్ దూసుకుపోయింది. అది వెళ్లీ వెళ్లగానే స్వరూప "మల్ల జాగలకు రా!" అంది. మళ్లీ ఎక్కడివాళ్లు అక్కడికి. జట్టంతా ఒక్క మనిషిలా కదలడం ఆ క్యాంపులో అదే మొదలు. డప్పు కొట్టే కుర్రాళ్లు కొట్టడం ఆపి చప్పట్లు కొట్టారు. నర్సింహ "మన పోరే!" అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

కురియన్ సార్ నా దగ్గరికి వచ్చారు. "ఈ గొంతు ఇన్నాళ్లు ఎక్కడ దాచారు?"

"మనమే మూయించినం గద సార్" అన్నాను. నా నోరు అంతే, ఆగదు.

విస్తళ్లు వేశారు. అన్నం, పప్పు, వంకాయ కూర, టమాట తొక్కు. నర్సింహే స్వయంగా వడ్డించాడు. మణిపూర్ గోల్‌కీపర్ తొక్కు నాలుక మీద పెట్టుకుని కళ్ల నీళ్లు పెట్టుకుంది, అయినా మళ్లీ వేయించుకుంది. తిన్నాక షామియానా నీడలో, వెచ్చటి తారు రోడ్డు మీద తువ్వాళ్లు పరుచుకుని అందర్నీ పడుకోబెట్టాను. పక్కన ఆడవాళ్లు గిన్నెలు తోముతున్న చప్పుడు. ఎవరో ముసలాయన కూనిరాగం. నేను స్వరూప తల దగ్గర కూర్చుని మెల్లగా అడిగాను.

"యాడున్నవ్ బిడ్డా?"

"ఎనకున్న మేడమ్. లైను జరుపుతున్న."

"బయటనా, లోపల్నా?"

"లోపల్నే" అంది. ఆ తర్వాత ఏమడిగినా పలకలేదు. నిద్రపోయింది. నాకు మాత్రం ఆ మధ్యాహ్నమంతా కన్ను మూతపడలేదు.

పెద్ద కోచ్ గురించి ఒక మాట

కురియన్ సార్ దగ్గర నేను నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆటగత్తె నడక చూసి ఏ కాలు నొప్పో చెప్పేవారు. ఎవర్నీ నలుగురిలో తిట్టరు. ఒకే ఒక్క లోపం, ఎరిగిన ముఖాన్ని వదులుకోలేరు. కొత్త మనిషిని నమ్మాలంటే ఆయనకు చెమటలు పట్టేవి. రావు గారి హాస్టల్ మెట్ల మీద నిలబడి ఎంపికైన పేర్లు చెప్పిన రోజు, స్వరూప పేరు అందరికంటే చివర చెప్పారు. ఆ పిల్ల నమ్మలేక, "సార్, ఇంకోపారి చెప్పుండ్రి" అంది. ఆయన ఇంకోసారి చెప్పారు. రావు గారు అందరికీ జిలేబీలు తెప్పించారు. స్వరూప తినకుండా చేతిలో పట్టుకునే నిలబడింది, పాకం మోచేతి దాకా కారింది.

ఎంపిక అయింది గానీ, ఆడే పదకొండు మందిలో బేలాయే. నేను ఆయనతో గదిలో కూర్చుని పోట్లాడాను. "స్వరూప వెనక్కి తిరగడం నిదానం" అన్నారు. అది అబద్ధం కాదు. నిదానమే. "ఆమె తిరగాల్సిన పని పడనియ్యదు సార్, ముందే మిగిలినోళ్లను జరుపుతది" అన్నాను. వినలేదు. గదిలో ఎంతైనా పోట్లాడండి. తలుపు తీశాక పెద్ద కోచ్ మాటే మీ మాట. పిల్లల ముందు రెండు మాటలు వినబడితే జట్టు మిగలదు.

ఆఖరి మ్యాచ్

ఆ దేశం పేరు, ఊరు పేరు చెప్పి మిమ్మల్ని విసిగించను. ఎప్పుడూ సన్నటి వాన పడుతుండే ఊరు. కొండల మీద మబ్బులు, గ్రౌండు చుట్టూ పొగమంచు, లైట్ల చుట్టూ తెల్లటి గుండ్రాలు. ఆటగత్తెలు పొగమంచులోంచి వచ్చి పొగమంచులోకి వెళ్తున్నట్టుండేది. చివరి మ్యాచ్ గెలిస్తే పెద్ద టోర్నమెంటుకు వెళ్తాం. డ్రా అయినా చాలదు.

మొదటి సగంలోనే ఒక గోల్ పడింది. బేలా కష్టపడుతోంది, పాపం, కానీ వెనక వరుసను ఎవరూ నడిపించడం లేదు. సగం ఆట దగ్గర కురియన్ సార్ చెవిలో, "స్వరూపను దింపుదాం సార్" అన్నాను. "కాసేపు చూద్దాం" అన్నారు. ఆ కాసేపు సాగింది. స్వరూప బెంచీ మీద ఉంది. ఒళ్లో ఎవరిదో ట్రాక్ ప్యాంటు. నాకు ఆమె వంక చూడటానికి ధైర్యం చాల్లేదు.

ఆట ముగియడానికి కాస్త ముందు బేలా పిక్క పట్టేసి కూలబడిపోయింది. ఇక దారి లేదు. కురియన్ సార్ వేలు చూపించారు. స్వరూప లేచింది. ఆ ట్రాక్ ప్యాంటు తెచ్చి నా ఒళ్లో పడేసి, గీత దగ్గరికి నడిచింది. గీత దగ్గరున్న అధికారి బూట్ల అడుగు మేకులు తనిఖీ చేశాడు. రిఫరీ చెయ్యి ఊపాడు. దాటింది.

ఆమె నా వైపు తిరిగి చూస్తుందనుకున్నాను, దండం పెడుతుందో, నవ్వుతుందో అనుకున్నాను. చూడనే లేదు.

"ముంగటికి! జరుగు! ఎనక ఎవలు లేరు, ఉరుకు!"

ఆ తర్వాత మా గోల్ వైపు బాల్ రానేలేదంటే నమ్మండి. వరుస ముందుకు జరిగింది, దాంతో మధ్యవాళ్లు ముందుకు జరిగారు, ఎదుటివాళ్లకు ఊపిరాడలేదు. ఒడిశా పిల్ల గోల్ కొట్టింది. సమం. మా బెంచీ అంతా లేచి నిలబడ్డాం. ఇంకొక్కటి. ఇంకొక్కటి చాలు. తమిళ పిల్ల కొట్టిన బాల్ పోస్టుకు తగిలి బయటికి పోయింది. మళ్లీ బాల్ తెచ్చి ఆడుతుండగానే విజిల్ పడింది.

అయిపోయింది. మా పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ గడ్డి మీద పడిపోయారు. కురియన్ సార్ టోపీ తీసి చేతుల్లో నలుపుకుంటున్నారు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, అర్హత పోయిందన్న బాధ ఒక పక్కనుంటే, స్వరూప ఆడింది కదా అన్న సంతోషం ఇంకో పక్క పొంగుకొస్తోంది. వానలో పరిగెత్తుకుంటూ వెళ్లి ఆమెను కావలించుకోబోయాను.

"బిడ్డా! ఆడినవే! దేశం అంగీ ఏసుకోని ఆడినవ్!"

నా చెయ్యి విసిరికొట్టింది. ఒళ్లంతా బురద. కళ్లు నిప్పులు.

"ఆడుడు ఎవనికి కావాలె మేడమ్? గెలువాల్సిన ఆట గిది!" గొంతు చించుకుని అరిచింది. "నన్ను సగం ఆటకాడనే ఎందుకు దింపలే? దింపుంటే గెలుస్తుంటిమి గద! గింత తెల్వదా మీకు? ఏం కోచులు మీరు?"

కురియన్ సార్ పక్కనే నిలబడి విన్నారు. భాష తెలియకపోయినా ఆయనకు అంతా అర్థమైంది. తల దించుకున్నారు. అన్ని క్యాంపుల్లో ఏం చెప్పినా సరే మేడమ్ అన్న పిల్ల, ఎన్నిసార్లు ఇంటికి పంపినా ఎందుకని ఒక్కసారి అడగని పిల్ల, అంతమంది ముందు నన్ను నిలదీస్తోంది. తిట్టు బిడ్డా, ఇంకా తిట్టు అనుకుంటూ ఆ వానలో నిలబడి విన్నాను.